రేవు నెరిగిన చేయి

విశాఖపట్టణమున పాత పోస్టాఫీసు దాటి రేవువైపు నడచిపోవువానికి మూడు చిన్న కొండలు కనబడును. ఒకదానిపై వేంకటేశ్వరుని గుడి, ఒకదానిపై దర్గా, ఒకదానిపై మేరీమాత మందిరము వెలసియున్నవి. ఊరు నలుదిక్కుల ఎంత పెరిగినను, ఈ పాత భాగమును జనులు నేటికిని వన్ టౌన్ అనియే పిలుతురు. మేరీమాత వెలసిన రాస్ కొండ మెట్లెక్కి దక్షిణముగా చూచినచో, ఎదుట యారాడ కొండ సముద్రములోనికి ముట్టె చాచి పండుకొనిన జలచరమువలె తోచును. ఆంగ్లేయులు దానికి డాల్ఫిన్స్ నోస్ అని పేరు పెట్టిరి. ఆ కొండకును ఈ పట్టణమునకును నడుమ సన్నని నీటిదారి యొకటి కలదు. లోపలి రేవునకు పోవు ప్రతి ఓడయు ఆ దారినే పోవలెను.

ఒకనాటి సాయంకాలము ఆ మెట్లపై ఒక ముసలివాడును, అతని మనుమడును కూర్చుండియుండిరి. ముసలివాడు రేవులో చిరకాలము పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడు. దూరమున సముద్రముపై పెద్ద ఓడ యొకటి కనిపెట్టుకొనియుండెను. ఇంతలో ఒక చిన్న పడవ రేవునుండి బయలుదేరి, అలలపై ఎగిరిపడుచు ఆ ఓడను చేరెను. ఓడ ప్రక్కను వ్రేలాడుచున్న త్రాటినిచ్చెన పట్టుకొని చీమవలె ఒక మనుష్యుడు పైకి ప్రాకెను. కొంతసేపటికి ఓడ మెల్లగా తీరమువైపు కదలెను.

"తాతా, ఆ ఎక్కినాయన ఎవరు?" అని బాలుడు అడిగెను.

"పైలట్ గారు. రేవులోనికి దారి చూపువారు."

"ఓడకు కప్తాను లేడా?"

"లేకేమి నాయనా? మహాసముద్రములు దాటించి ఇంతదూరము తెచ్చినవాడు అతడే."

"అంతదూరము తెచ్చినవాడు ఈ నాలుగు బారలు తేలేడా?"

ముసలివాడు నవ్వి, "ఆ నాలుగు బారలే కష్టము" అనెను.

ఆ మాటలో ఆలోచింపదగిన సంగతి ఇమిడియున్నది. ఒక విద్యలో ఆరితేరినవాడు కొత్తచోటికి పోయి తడబడుట లోకమున తరచుగా కనబడును. చూచువారు దానిని చేతగానితనమని నవ్వుదురు. నిజమునకు అది చేతగానితనము కాదు. మహాసముద్రముల నెరిగిన కప్తాను విశాఖ కాలువ ముందు ఆగుటకును, జగత్ప్రసిద్ధుడైన మోటారు పందెపు సారథి పరాయి దేశపు బండి నెక్కి వెనుకబడుటకును కారణములు ఇంచుమించు ఒక్కటే. రేవు సంగతి తెలిసికొన్నచో పందెము సంగతియు సులభముగా బోధపడును.

ఈ రేవు కొంత ప్రకృతియు, కొంత మనుష్యుడును కలిసి చేసినది. 1933 అక్టోబరు 7వ తేదీన 'జలదుర్గ' యను ఓడ మొట్టమొదట ఇందు ప్రవేశించెను. ఆ సంవత్సరమే డిసెంబరు 19వ తేదీన నాటి వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనముగా తెరిచెను. తూర్పుతీరమున అలలు ఇసుకను ఒడ్డువెంట మోసికొనిపోవుచుండును. ఆ ఇసుక కాలువ నోట పేరుకొన్నచో దారి మూసికొనిపోవును. దానిని అడ్డుటకై నిర్మాతలు రెండు పాత ఓడలను కావలెననియే ముంచి అడ్డుకట్టగా చేసిరి. అయినను ఇసుక పోరు తీరలేదు. నేటికిని యంత్రపు ఓడలు ఆ ఇసుకను తోడుచునే యుండవలెను. 1976లో అలలను ఆపు పెద్ద రాతికట్టల నడుమ వెలుపలి రేవు కూడ ఏర్పడెను. నేడు 200 మీటర్లు మించిన పొడవును, 32 మీటర్ల వెడల్పును గల ఓడలు కొండప్రక్కగా ఒదిగి లోపలి రేవునకు పోవుచున్నవి.

కప్తానునకు మొదటి చిక్కు తన ఓడవలననే కలుగును. నడిసముద్రమున అతనికి అది చిరపరిచితమైన వాహనము. చుక్కాని ఇంత త్రిప్పిన ఇంత మలుపు తిరుగునని అతని చేతికి తెలియును. కాని లోతు తక్కువైన ఇరుకు కాలువలో ఆ ఓడయే మరియొక ఓడ యగును. అడుగున నీరు చాలనపుడు ఓడ ఎంత వేగముగా పోయిన అంత క్రిందికి దిగును. వేగము రెట్టింపైనచో ఈ దిగుడు నాలుగురెట్లు అగును. నిలిచియున్నపుడు నేలకు తగులని ఓడ పరుగెత్తినపుడు తగులవచ్చును. ఒడ్డునకు మిక్కిలి చేరువగా పోయినచో, ఓడ వెనుకభాగము ఒడ్డువైపు లాగబడి, ముందుభాగము ఆవలికి త్రోయబడును. పోనీ, నెమ్మదిగా పోవుదమన్నచో చుక్కానికి బలము తగ్గును. చుక్కాని పని చేయవలెనన్న దానిపై నీరు వడిగా పారవలెను గదా! నడిసముద్రమున తడబాటు కలిగినపుడు వేగము పెంచి చుక్కాని త్రిప్పుట అతని అలవాటు. ఇచ్చట ఆ అలవాటే ప్రమాదము తెచ్చును.

రెండవ చిక్కు చోటువలన కలుగును. తీరమువెంట ప్రవాహము సంవత్సరములో కొన్ని నెలలు ఉత్తరముగను, మరికొన్ని నెలలు దక్షిణముగను పోవును. కాలువ నోటికి అడ్డముగా పోవు ఈ నీరు ఓడను ప్రక్కకు నెట్టును. సరకు లేని ఓడ నీటిపై ఎత్తుగా తేలుచు, తన ప్రక్కలనే తెరచాపగా చేసికొని గాలిని పట్టును. కొండచాటున నున్నంతసేపు గాలి తెలియదు, చాటు దాటగానే విసరికొట్టును. నిన్న ఇసుక ఎచ్చట పేరుకొన్నదో, నేడు ఏ యంత్రపు ఓడ ఎచ్చట తోడుచున్నదో పటములో పూర్తిగా నుండదు. అది ప్రతిదినమును ఆ దారిన పోవువానికే తెలియును.

మూడవ చిక్కు మనుష్యులవలన కలుగును. పెద్ద ఓడను ఇరుకు రేవులో త్రిప్పవలెనన్న టగ్గులు ముందును వెనుకను త్రాళ్లతో లాగవలెను, ప్రక్కలను నెట్టవలెను. ఏ టగ్గు నడుపువాడు ఎంత త్వరగా కదలునో, ఏ మాటకు ఏమి చేయునో పైలట్టునకు తెలియును. వారు ఏండ్ల తరబడి కలిసి పనిచేసినవారు. పరదేశపు కప్తానునకు వారి ముఖములైనను తెలియవు.

ఈ కాలువ మూసికొనిపోయినచో నష్టము ఒక్క ఓడది కాదు. అడ్డముగా నేలకు తగిలిన ఓడ లోపలి రేవు గొంతులో చిక్కిన ముల్లువంటిది. బొగ్గు, చమురు, ఎరువులు మోయు ఓడలు వెలుపలివి వెలుపలను, లోపలివి లోపలను నిలిచిపోవును. నౌకాదళపు ఓడలకును దారి ఇదియే. రేవులో పని ఆగినచో లారీలు, రైలుపెట్టెలు ఆగును. దినకూలి తెచ్చి పొయ్యి వెలిగించుకొను వన్ టౌన్ ఇండ్లలో పొయ్యి వెలుగుట కష్టమగును. కావుననే 1908 నాటి ఓడరేవుల చట్టము, అది వర్తించు రేవులలో 200 టన్నులు గాని అంతకు మించి గాని యున్న ఓడ, పైలట్టో రేవు అధికారియో ఎక్కనిదే లోపలికి రాకూడదని విధించెను. కప్తాను ఎంతటి అనుభవశాలియైనను ఆ నియమమునకు లోబడవలసియుండెను.

పైలట్టు పనియు సుఖమైనది కాదు. పడవ అలపై లేచిన క్షణమున నిచ్చెన నందుకొనవలెను. క్షణము తప్పినచో పడవకును ఓడకును నడుమ పడుట సంభవించును. ఎక్కవలసిన ఎత్తు 9 మీటర్లు మించినచో త్రాటినిచ్చెనతోపాటు ఓడ ప్రక్కను మెట్లు కూడ దింపవలెనని అంతర్జాతీయ నియమము కలదు. పైకి పోయిన పిమ్మట జరుగు ముచ్చట మిక్కిలి గమనింపదగినది. కప్తాను తన ఓడ గుణములను వ్రాసిన పత్రమును పైలట్టు చేతికిచ్చును. ఓడ పొడవెంత, నీటిలో ఎంత మునిగియున్నది, ఆగుటకు ఎంత దూరము పట్టును, వెనుకకు నడిపినపుడు ఏ ప్రక్కకు తిరుగును మున్నగునవి అందుండును. పైలట్టు తాను తీసికొనిపోవు దారిని కప్తానునకు వివరించును. ఒకడు ఓడ నెరిగినవాడు, ఒకడు రేవు నెరిగినవాడు. కొన్ని నిమిషములు ఒకరికొకరు శిష్యులగుదురు. ఓడ భారము అప్పటికిని కప్తానుదే. ఆజ్ఞ మాత్రము రేవు నెరిగినవాని నోటినుండి వెలువడును. దీనివలన తన గౌరవము తగ్గినదని ఏ మంచి కప్తానును తలపడు.

ఈ రేవు పుట్టకముందును ఈ తీరమున ఇట్లే జరిగెను. పూర్వము పెద్ద ఓడలు దూరమున లంగరు వేసికొని నిలిచెడివి. మనుష్యులను, మూటలను ఒడ్డునకు చేర్చుటకు విరుగుడలలను దాటవలెను. ఐరోపా నావికుల పడవలు గట్టి కొయ్యతో, ఇనుప మేకులతో బిగించినవి. నడిసముద్రమున ఆ గట్టిదనమే వాటికి రక్ష. కాని కోరమాండల్ తీరపు అలలు ఎత్తి ఇసుకపై కొట్టినపుడు బిగిసిన పడవ పగిలెడిది. ఇచ్చటి జాలరుల మసూలా పడవ పలకలను కొబ్బరిత్రాటితో కుట్టినది. అల కొట్టినపుడు అది సాగి, వంగి, దెబ్బను ఓర్చుకొనెడిది. ప్రపంచము చుట్టి వచ్చిన నావికులు ఆ చివరి అలల ముందు తమ పడవలు విడిచి, జాలరుల కుట్టుపడవలలో మూటలవలె కూర్చుండి ఒడ్డు చేరిరి. ఒకచోట రక్షించిన గుణమే మరియొకచోట హాని చేయుననుటకు ఇంతకంటె మంచి నిదర్శనము దొరకదు.

సముద్రముపై రేవు నెరిగినవాడు ఓడ యెక్కి తోడ్పడును. మోటారు పందెపు బాటపై అట్టి ఏర్పాటు లేదు. బండిలో సారథి ప్రక్కన దారి చెప్పువాడు కూర్చుండడు. కావున పరదేశపు సారథి ఇబ్బందులన్నియు తానే పడి, తానే నేర్చుకొనవలెను. ఈ కష్టము టూరింగు కారు పందెములలో స్పష్టముగా కనబడును.

టూరింగు కార్లనగా, జనులు ఇండ్లలో వాడుకొను కార్ల రూపమున నుండు పందెపు బండ్లు. బ్రిటనులో 1958 నుండియు, ఆస్ట్రేలియాలో 1960 నుండియు, జర్మనీలో 1984 నుండియు వీటికి వార్షిక పోటీలు ఏర్పడినవి. ఫార్ములా వన్ బండి వీటికి భిన్నమైనది. అది సుమారు 800 కిలోల బరువుతో నేలకు అంటుకొనిపోవును. దానికి పైకప్పు లేదు, చక్రములు బయటికి కనబడుచుండును. పరుగెత్తునపుడు దాని రెక్కలపై గాలి ఒత్తి బండిని బాటకు అదిమిపట్టును. అందువలన దాని సారథి మలుపును మిక్కిలి సమీపించిన పిమ్మటనే బ్రేకు త్రొక్కుట నేర్చుకొనును. చక్రమునకు చక్రము తగిలినచో బండి గాలిలోనికి లేచును. కావున పక్కబండిని ఎన్నడును తాకరాదని అతని ఒడలంతయు ఎరిగియుండును.

అతనిని తెచ్చి ఆస్ట్రేలియా టూరింగు కారులో కూర్చుండబెట్టినచో ఏమగును? ఆ బండి 1300 కిలోలు మించిన బరువు కలది. గాలి దానిని అంతగా అదిమిపట్టదు. పాత అలవాటున ఆలస్యముగా బ్రేకు త్రొక్కినచో ముందు చక్రములు బిగిసి, బండి తిరుగక జారిపోవును. పైగా దాని వెనుక చక్రములు రెండును ఒకే ఇరుసునకు బిగించియుండి సమముగా తిరుగును. మలుపులో వెలుపలి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము పోవలెను. రెండును కలిసి తిరుగుచున్నచో ఒక టైరు నేలను రాచుకొనుచు, బండి తిరుగుటకు మొరాయించును. దానిని ఒప్పించి త్రిప్పుట ఆ దేశపు సారథులకు చిన్ననాటినుండి అలవడిన విద్య. ఇక పక్కబండ్ల సంగతి. కప్పియున్న చక్రములు గల ఈ బండ్లు ప్రక్కలు ఒరసికొనుచునే పోవును. ఏది ఓర్వదగిన తాకిడి, ఏది దండింపదగిన తాకిడి యన్నది వ్రాసిన నియమములలో కొంతయే యుండును, మిగిలినది వాడుకలో నుండును. తాకరాదని నేర్చినవాడు ప్రతి తాకిడికిని తొలగి, ప్రతి మలుపునను ఒక స్థానము పోగొట్టుకొనును.

ఇది ఊహించి వ్రాసిన మాట కాదు. డేవిడ్ కూల్తార్డ్ ఫార్ములా వన్ పందెములలో 13 గెలిచినవాడు. అతడు 2010 నుండి 2012 వరకు మూడేండ్లు జర్మనీ టూరింగు కార్ల పోటీలో పాల్గొని ఒక్క పందెమైనను గెలువలేదు. ఫార్ములా వన్‌లో 6 పందెములు గెలిచిన రాల్ఫ్ షూమాకర్, 2008 నుండి 2012 వరకు ఐదేండ్లు అదే పోటీలో పోరాడెను. స్వదేశమున పరుగెత్తినను అతనికిని గెలుపు దక్కలేదు. పరాయితనము దేశమునకే సంబంధించినది కాదనియు, బండికిని సంబంధించినదనియు దీనివలన తెలియుచున్నది. కాని రెండుసార్లు జగద్విజేతయైన మికా హాకినెన్, 2005లో అదే పోటీకి వచ్చి తొలి సంవత్సరముననే ఒక పందెము గెలిచెను. కష్టము అందరికిని ఉన్నది, అందరికిని అది అడ్డుగోడ కాలేదు.

ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ కొండబాట 6 కిలోమీటర్లు మించిన చుట్టు. పందెము లేని దినములలో అది జనులు నడచు సాధారణమైన రోడ్డే. అచ్చటి దీర్ఘమైన పందెమున ఒక బండిని ఇద్దరు సారథులు వంతులవారిగా నడుపుదురు. 1977లో బెల్జియము దేశపు జాకీ ఇక్స్, ఆలన్ మఫత్‌తో కలిసి ఆ పందెమును గెలిచెను. మఫత్ అంతకుముందే అచ్చట మూడుసార్లు గెలిచిన అనుభవశాలి. అతడును పుట్టుకచే ఆస్ట్రేలియావాడు కాడు, కెనడావాడు. ఆ దేశము చేరి, ఆ కొండ మలుపులను ఏండ్ల తరబడి అభ్యసించి ఆ చోటివాడైపోయెను. అభ్యాసము కూసు విద్య యన్న మాట ఊరకనే పుట్టలేదు. ఇక్స్‌కు పందెపు బాటపై దొరకిన పైలట్టు అతడే యనవచ్చును.

చోటు అందరికిని కొత్తదైనచో ఏమి జరుగునో కూడ చూడవలెను. 2023 జూలై 2వ తేదీన అమెరికాలోని షికాగో వీధులలో నాస్కార్ బండ్ల ప్రధాన పందెము జరిగెను. ఆ పోటీ నగర వీధులలో జరుగుట అదియే మొదటిసారి. అచ్చటివారిలో ఒక్కనికిని ఆ మలుపులు ముందుగా తెలియవు. న్యూజిలాండు దేశపు షేన్ వాన్ గిస్‌బర్గెన్ ఆ పోటీలో అడుగిడిన తొలినాడే గెలిచెను. ఆస్ట్రేలియా టూరింగు కార్లలో మూడుసార్లు విజేతయైన అతనికి బరువైన బండిని ఇరుకు వీధులలో నడుపుట కొత్త కాదు. మన హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్ సాగరు ఒడ్డున ఫార్ములా ఇ యను విద్యుత్తు కార్ల పందెము జరిగెను. వచ్చిన సారథులందరును పరదేశీయులే. ఫ్రాన్సు దేశపు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. ఆ 18 మలుపులు ఒకరికి తెలిసి ఒకరికి తెలియనివి కావు. కావున అచ్చట పరదేశి యన్న మాటకే అర్థము లేకపోయెను. చోటి ఎరుక ఎంత విలువైనదో, అది ఎవ్వరికిని లేనిచోట స్పష్టముగా తెలియుచున్నది.

ఇట్లు విచారించి చూడగా, నేర్పరికి అడ్డుపడునది అజ్ఞానముకంటె అలవాటు. అజ్ఞానము తన్ను తాను తెలిసికొని ప్రశ్న అడుగును. అలవాటు ప్రశ్న అడుగక ముందే చేయి చాచును. బ్రేకు త్రొక్కు పాదమునకును, చుక్కాని త్రిప్పుమను నోటికిని ఆలోచన కలుగులోపల పాత పాఠము పని చేసిపోవును. చక్కగా నేర్చిన పాఠమే గావున అది త్వరగా వదలదు. కొత్తచోట గెలిచినవారు పాత నేర్పును పారవేసినవారు కారు. దానిని కొంతకాలము ప్రక్కన నుంచి, మరల మొదటి తరగతి విద్యార్థులై కూర్చున్నవారు.

రాస్ కొండపై చీకటి పడుచుండెను. ఓడ కాలువ నోటికి వచ్చెను. అది ఎంత నెమ్మదిగా పోవుచుండెననగా, నీరే నిలిచి కొండయే కదలుచున్నట్లు తోచెను. టగ్గులు రెండు దాని ప్రక్కలను కనిపెట్టుకొని నడచుచుండెను. యారాడ కొండపై దీపస్తంభము వెలిగెను.

బాలుడు చాలసేపు చూచి, "తాతా, మన పైలట్ గారు కలకత్తా పోతే అక్కడ కూడ ఓడ నడుపుతారా?" అని అడిగెను.

"లేదు నాయనా. అక్కడ హుగ్లీ నది ఇసుకతిన్నెలు వేరు. అక్కడి పైలట్టు ఎక్కితే మన పైలట్ గారు కూడ ప్రక్కన నిలుచుని చూస్తూ ఉండవలసిందే."

"అప్పుడు ఆయనకు చిన్నతనము కాదా?"

ముసలివాడు వెంటనే బదులు చెప్పలేదు. ఓడ మలుపు తిరిగి ఇండ్ల కప్పుల వెనుక మరుగయ్యెను. దాని దీపములు మాత్రము కొంతసేపు కనబడుచుండెను. పిమ్మట అతడు లేచి, కర్ర తీసికొని, "తెలియనిచోట అడిగినవాడు చిన్నవాడు కాడు నాయనా. అడుగక ఓడను ఇసుక నెక్కించినవాడే చిన్నవాడు" అనెను. ఇద్దరును మెల్లగా మెట్లు దిగి, దీపాలు వెలుగుచున్న వీధిలోనికి పోయిరి.